ఏడు ఇరవై ఒకట్లు

పాప పుట్టిన నూట నలభై ఏడో రోజున ఆమె నెత్తురు చుక్క మిషన్లో పెడితే నూట నలభై చూపించింది. చూపించాల్సింది పది.

లెక్క తప్పితే మనిషిని అనుమానించాలి గానీ మిషన్ని అనుమానించడం బాగా చదువుకున్నవాళ్ల అలవాటు. డాక్టర్ రూతు కూడా ముందు మిషన్నే అనుమానించింది. గొట్టాలు కడిగింది, పళ్లెం మార్చింది, మళ్లీ పెట్టింది. నూట ముప్పై తొమ్మిది వచ్చింది.

"సార్, మీ పాప గీత వంగట్లేదు. మూడుసార్ల నుంచీ అక్కడక్కడే ఉంది," అంది.

తవిటినాయుడు కాగితాల మీంచి తలెత్తలేదు. "ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది," అన్నాడు.

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే, ల్యాబుకి పెద్ద గనక అతను వాళ్లని నిలబెట్టి కడిగేసేవాడు. ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉండదని పన్నెండేళ్లుగా చెబుతున్నది అతనే. తల్లి కడుపులో ఉండగా బొడ్డుతాడు గుండా బిడ్డకి కాపలా వస్తుంది. తల్లి ఏ రోగాన్ని గెలిచిందో ఆ రోగాన్ని పట్టుకునే యాంటీబాడీలు బిడ్డ ఒంట్లోకి చేరతాయి. బిడ్డ వాటిని కొత్తగా తయారు చేసుకోలేదు, ఉన్నవి ఖర్చవుతాయి. ఇరవై ఒక్క రోజులకి సగం, మరో ఇరవై ఒక్క రోజులకి అందులో సగం. ఈ సగాల లెక్క ఏ పిల్లకీ తప్పలేదు.

తప్పకపోవడంతోనే చిక్కంతా. తట్టు టీకాలో ఉండేది బలం తీసేసిన తట్టు క్రిమే. బిడ్డ ఒంటికి అది పాఠం చెప్పాలి. కానీ తల్లి పెట్టిన కాపలాకి దొంగెవరో, పంతులెవరో తెలియదు. పాఠం చెప్పడానికొచ్చిన పంతుల్ని కూడా గుమ్మంలోనే మెడపట్టి గెంటేస్తుంది. కాపలా నూరుకి పైన ఉంటే దొంగ రాలేడు. పదికి తగ్గితే పంతులు రావచ్చు. ఆ రెంటికీ మధ్య ఉన్న పది వారాల్లో మాత్రం దొంగని ఆపే బలమూ ఉండదు, పంతుల్ని రానిచ్చే బుద్ధీ ఉండదు. నాయుడు వాటికి నడిమి రోజులని పేరు పెట్టాడు. ఆ రోజుల్లో పోయిన పిల్లల కోసమే అతను జల్లెడ కనిపెట్టాడు.

మధురవాడ కొండ వెనక ఉన్న ఆ ల్యాబులో కింది అంతస్తు అంతా జల్లెడ వార్డే. గాలి వడగట్టిన గదులు, గదికో తల్లీ బిడ్డా. ఒక గొట్టం నిండా తల్లి నెత్తురు తీసుకుని, ఆమె యాంటీబాడీల తీరు చదివి, వాటిని మాత్రమే పట్టే జల్లెడ మందు నేస్తారు. చేతిరాత చూసి ఎవరు రాశారో చెప్పినట్టు అది తల్లివేవో గుర్తుపడుతుంది. బిడ్డకి ఎక్కిస్తే రెండు రోజుల్లో తల్లివన్నీ ఏరి పారేస్తుంది. మూడో రోజు టీకా. ఎవరి జల్లెడ వారిదే, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. నలభై ఒక్కమంది పిల్లలకి వేశారు, నలభై ఒక్కమందికీ టీకా పట్టింది.

ఆ ఉదయం జాలరిపేట నుంచి వచ్చిన నూకరత్నం అనే తల్లి, సంతకం పెట్టబోయి ఆగింది.

"బావూ, నాది మొత్తం తీసేత్తారేటి? గుంటడికి నాది ఏటీ మిగల్దా?"

"అమ్మ ఇచ్చిన కాపలా ఒక్కటే తీస్తామమ్మా. అమ్మ ఎక్కడికీ పోదు," అన్నాడు నాయుడు. అంతకుముందు నలభై ఒక్కసార్లు చెప్పిన జవాబే. ఆమె ముఖం తేటపడింది. అతనికి మాత్రం ఆ మాట నోట్లోంచి వచ్చిందో, గోడమీది బోర్డులోంచి వచ్చిందో తెలియలేదు.

అతని భార్య హైమావతి, ప్రసవమైన తొమ్మిదో రోజున, పురుడు కూడా వెళ్లకముందే, పక్కమీద లేచి కూర్చుని "కొంచెం ఆయాసంగా ఉంది" అని, పావుగంటలో పోయింది. ఊపిరితిత్తుల్లో గడ్డ. ఎవరి తప్పూ లేదు. తిట్టుకోవడానికి మనిషి దొరకని చావు అది. గుండె రాయి చేసుకున్నాడని బంధువులు మెచ్చుకున్నారు. అతను చేసుకున్నదేమీ లేదు, అదే అయింది. ఆమె పోయిన పన్నెండో రోజున ల్యాబుకి వెళ్లాడు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. ఇరవై ఒకటో రోజున జరగాల్సిన బారసాల జరగలేదు గానీ, ఆ రోజున పాప మడమ మీద సూదితో గుచ్చి చుక్క నెత్తురు తీసి కొలిచాడు. ఆరు వందల నలభై. పుట్టినప్పుడు పన్నెండు వందల ఎనభై. సరిగ్గా సగం.

అప్పట్నుంచి ప్రతి ఇరవై ఒక్క రోజులకీ కొలుస్తూ వచ్చాడు. మూడు వందల ఇరవై. నూట అరవై. ఎనభై. మనిషి పోవడం ఒకసారే జరుగుతుందని లోకం అనుకుంటుంది. నాయుడికి అది విడతలు విడతలుగా, అంకెల్లో జరిగింది.

రూతు ఆ మధ్యాహ్నం అతిశీతల పెట్టె తెరిచింది. ల్యాబులో ఏది తూచాలన్నా ఒక తూనికరాయి కావాలి. అక్కడి తూనికరాయి హైమావతి నెత్తురు. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే హైమావతి, కడుపుతో లేని రోజుల్లో సరదాగా వచ్చి చెయ్యి చాపింది. ఆమె అంకె చూసి అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. చిన్నప్పుడు నిజం తట్టు వచ్చి తగ్గిన ఒళ్లు అది, టీకాతో అంత రాదు. పది గొట్టాలు దాచారు. ప్రతి పళ్లెంలోనూ మొదటి వరస ఆమెదే. ఒక గొట్టం కొలతలకి వాడారు, తొమ్మిది ఉండాలి. రూతుకి పెట్టెలో ఒకటే కనిపించింది.

ఆమె గొట్టాలుండే అట్టపెట్టె అందులోంచి తీసి తెచ్చి నాయుడి బల్ల మీద పెట్టింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఎనిమిది ఏవి సార్?"

అతను బొంకలేదు. బొంకడానికి కూడా కాస్త ప్రాణం కావాలి.

"పాపకిచ్చాను," అన్నాడు.

ఎనభైకి పడిన రోజు మొదలైంది అది. నూరు కిందికి దిగింది, ఊళ్లో తట్టు లేచింది, కాపలా పెంచడం న్యాయమే కదా అనుకున్నాడు. మూడు గొట్టాలు తీసి, అక్కర్లేనివన్నీ వడగట్టి, యాంటీబాడీలు మాత్రం మిగిల్చి, శనివారం పొద్దున అత్తగారు రైతుబజారుకి వెళ్లినప్పుడు పాప తొడలోకి సూదేశాడు. ఇరవై ఒక్క రోజులకి నలభై రావాల్సిన చోట నూట యాభై వచ్చింది. ఆ అంకె చూసినప్పుడు, హైమ పోయాక మొదటిసారి, ఒళ్లు కొంచెం వెచ్చబడినట్టనిపించింది. తర్వాత మరో మూడు. తర్వాత రెండు. సైన్సులో దానికి పేరుంది, వైద్యంలో దానికి వాడుక ఉంది. కానీ అతను ఆ పని పేరు కోసమూ చేయలేదు, వాడుక కోసమూ చేయలేదు. ఆ సంగతి తనకు తెలుసు.

రూతు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే అతనికి కష్టంగా ఉంది.

"మీరు వదిలేసుంటే ఇవాళ పది ఉండేది సార్. ఏడు ఇరవై ఒకట్లు అయిపోయాయి. జల్లెడ కూడా అక్కర్లేదు, ఈ సాయంత్రమే టీకా వేసేసేవాళ్లం."

నాయుడు పెట్టెలోని గొట్టం వంక చూశాడు.

"ఇప్పుడు నూట నలభై. ఇంకో పది రోజుల్లో నూరు దిగుతుంది. అక్కణ్ణించి పది వారాలు నడిమి రోజులే. బయట చూస్తే ఇంటింటికీ తట్టు. ఈ ఒక్క గొట్టం కూడా ఎక్కిస్తే మూడు వారాలు వెనక్కి జరుగుతుంది, అంతే. ఆ తర్వాత ఇవ్వడానికి ఏమీ ఉండదు, జల్లెడ నేద్దామన్నా ఏమీ ఉండదు."

"తెలుసు."

"జల్లెడకి ఒక గొట్టం కావాలి. ఉన్నది ఒకటే."

"తెలుసు రూతూ."

"తెలిసీ ఏం చేస్తారు?"

అతను కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. రూతు లేచి, "ఎథిక్స్ కమిటీకి మీరు రాయండి. రేపటికి రాయకపోతే నేను రాస్తాను. మీ మీద కోపంతో కాదు, మీరే నేర్పించారు కాబట్టి," అని, అట్టపెట్టె తీసుకుని వెళ్లిపోయింది. గొట్టాన్ని అతిశీతల పెట్టెలో పెట్టి తాళం వేసింది గానీ, తాళం చెవి మాత్రం ఎప్పట్లాగే అందరికీ అందే మేకుకే తగిలించింది.

మర్నాడు శనివారం. నాయుడు పొద్దున్నే ల్యాబుకెళ్లి కమిటీకి ఉత్తరం రాశాడు. నాలుగు వాక్యాలు, తనని తాను వెనకేసుకొచ్చే మాట ఒక్కటీ లేదు. తర్వాత మేకు మీంచి తాళం చెవి తీసి, గొట్టాన్ని మంచుడబ్బాలో పెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. ఉత్తరం రాసిన చేత్తోనే ఈ పనీ చేశాడు. మనిషన్నవాడికి రెండు చేతులెందుకిచ్చాడో దేవుడు!

ఎండాడలో వాళ్లది మూడో అంతస్తు. కింది వాటా గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. నిన్న లేవు. నాయుడు వాటిని చూశాడు, చూసి మెట్లెక్కాడు. డబ్బాలోని మంచు కరిగేలోగా వడగట్టాలి, సూది ఎక్కడ పెట్టాడో వెతకాలి. అతని బుర్ర ఆ వరసలోనే నడుస్తోంది.

అత్తగారు అప్పలనరసమ్మ రైతుబజారుకి వెళ్లలేదు. బాల్కనీలో పీటమీద కూర్చుని, బాల్చీలో చీర ముంచి పిసుకుతోంది. కుంకుడుకాయ రసం నురగ మోచేతులదాకా ఉంది. పాప పక్కన చాపమీద బోర్లాపడి, తలెత్తి ఆ నురగని చూస్తోంది.

నాయుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ చీర పసుపు అంచు నీలం నూలు చీర. హైమ చివరి నెలల్లో కట్టుకున్నది. ఐదు నెలలుగా అదే పాపకి ఉయ్యాల. పాప ఎన్నిసార్లు తడిపినా అత్తగారు కింద గుడ్డలు మార్చేదే తప్ప చీర ఉతికేది కాదు. ఎందుకని అతను అడగలేదు. అప్పుడప్పుడు ఆవిడ ఉయ్యాల సర్దే వంకతో ఆ చీరలో ముఖం పెట్టడం చూశాడు గనక అడగాల్సిన పని లేకపోయింది.

"అత్తా, ఏం చేస్తన్నావు?" ఇంటికొస్తే అతనికీ ఆ ఊరి మాటే వచ్చేది.

"కనబడతంది కదేటి బావూ. ఉతుకుతున్నాను."

"ఐదు నెల్లు ఉతకలేదు కదా."

"ఉతకనేదు. వాసన ఎలిపోతాదనీసి." ఆవిడ చీరని తిరగేసింది. "కింద తట్టు పోసింది, సూసినావు కదా. ఆ ముసలమ్మ నిన్న మన గుంటని ఎత్తుకున్నాది, ఈ ఉయ్యాల్లోనే పండబెట్టినాది. వాసన కోసం గుంటని పణం ఎడతానా?"

ఉతికినంత మాత్రాన తట్టు పోదని, అది గాలిలో వస్తుందని నాయుడికి తెలుసు. అతను ఆ పాఠం చెప్పలేదు. నిన్న పాప ఆ ముసలమ్మ చంకలో ఉన్నప్పుడు ఒంట్లో నూట నలభై ఉంది, కాబట్టి ఏమీ కాలేదు. ఇంకో పది రోజుల తర్వాతయితే అయ్యేది. ఈ లెక్క చేస్తూ అతను డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ డబ్బాలో ఏటున్నాది?" అని అడిగింది అప్పలనరసమ్మ.

అతను చెప్పాడు. ఎనిమిది గొట్టాల సంగతీ, తొమ్మిదోదాని సంగతీ, దాన్ని రెండు రకాలుగా వాడొచ్చన్న సంగతీ, అన్నీ చెప్పాడు. వాతావరణం వార్తలు చదివినట్టు చదివాడు. ఆవిడ చీర పిండుతూ విన్నది. పాప తొడమీది సూది చుక్కలు ఆవిడ ఎప్పుడో చూసింది. ఏదో మందేమోలే, చదువుకున్నోడు, వాడికి తెలీదా అనుకుందట.

విన్నాక పీటమీంచి లేచింది. చీరని దులిపి తాడు మీద ఆరేసి, చేతులు తుడుచుకుని పాపని ఒళ్లోకి తీసుకుంది.

"హైమకి ఐదో ఏడు. దాని తమ్ముడికి పదో నెల. ఇద్దరికీ ఒక్కపాలే తట్టు పోసింది బావూ. సూది మందు మా ఊరు రాలేదింకా. ఎవుల్ని ముందు సూడాల? ఆడు సిన్నోడనీసి ఆణ్ణే ఎత్తుకు కూకున్నాను. అది మూల పడుంది. నీల్లు కూడా నాను పట్టలేదు దానికి. తొమ్మిదో నాడు ఆడు పోనాడు. ఏడిసి ఏడిసి సూత్తే, ఇది లేచి కూకుని గంజి అడిగినాది."

పాప పసుపుతాడు లేని ఆవిడ మెడలోని పూసలదండ లాగుతోంది.

"దాని ఒంట్లో ఏదో ఉన్నాది, అది గెలిసిన గురుతు అనీసి నువ్వే సెప్పినావు కదా. అది దానికి నాను ఇయ్యలేదు. ఎవులూ ఇయ్యలేదు. దాని సొంతం. గుంటకి తల్లిది ఎన్నాల్లు పోత్తావు? గుంటకీ సొంతం ఉండాల."

"తీసేస్తే ఏమీ మిగలదు అత్తా. సున్నా."

"నా కూతురు పోయి ఐదు నెల్లయినాది బావూ," అంది అప్పలనరసమ్మ. ఆవిడ గొంతు గట్టిగా లేదు, మెత్తగా కూడా లేదు. "నీకింకా తెలీలేదేటి?"

మంచు కరగకముందే నాయుడు మళ్లీ మెట్లు దిగాడు. ఈసారి పాపా, అత్తగారూ వెంట ఉన్నారు. ఆ వేపమండల పక్కనుంచి పోతుంటే ఆవిడ పాప ముఖం మీద కొంగు కప్పింది.

ల్యాబులో రూతు డబ్బా అందుకుంది. ఎక్కడికి తీసుకెళ్లారని అడగలేదు. జల్లెడ నేయడానికి ఒక పగలు పట్టింది. ఆదివారం మధ్యాహ్నం వార్డులో ఏడో గదిలో పాపకి ఎక్కించడానికి సిద్ధమైంది. కమిటీ వాళ్లు ఉత్తరం చదివి నాయుణ్ణి ప్రయోగం బాధ్యత నుంచి తప్పించారు, పాపకి వైద్యం మాత్రం కానివ్వమన్నారు. అంచేత అతను తెల్లకోటు లేకుండా తల్లులు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు. సంతకం పెట్టాల్సిన కాగితం అతని చేతికిచ్చారు. అతనే రాసిన కాగితం. తల్లి సంతకం అన్నచోట గీత ఖాళీగా ఉంది. కింద తండ్రి అన్నచోట పెన్ను పెట్టి ఆగిపోయాడు.

"రూతూ," అన్నాడు. "మొత్తం తీసేస్తుందా? ఏమీ మిగలదా?"

రూతు అతని ముఖం చూసింది. వేళాకోళం కాదని తెలిసింది.

"అమ్మ ఇచ్చిన కాపలా ఒక్కటే తీస్తాం సార్," అంది. తల్లులకి చెప్పే తర్వాతి వాక్యం నోటిదాకా వచ్చి ఆగింది. అతను సంతకం పెట్టాడు.

నాలుగు గంటలకోసారి చుక్క తీశారు. నూట ముప్పై అయిదు. ఎనభై రెండు. నలభై ఏడు. పదహారు. ఐదు నెలల్లో ఇరవై ఒకట్ల చొప్పున దిగాల్సిన మెట్లని పాప ఒక్క రోజులో దిగింది. పాపకి ఏమీ తెలియలేదు. పాలు తాగింది, నవ్వింది, అమ్మమ్మ ముక్కు పట్టుకుంది. సోమవారం సాయంత్రానికి తెరమీద సున్నా వచ్చింది. ఎవరో పిలిచి చూపిస్తే నాయుడు దాన్ని చూశాడు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. బెంచీ మీదికి వచ్చి కూర్చుని, చెప్పులు ఒకదాని పక్కన ఒకటి సర్దాడు.

మంగళవారం రూతు టీకా వేసింది. తొమ్మిదో రోజున పాప ఒళ్లు కాలింది. మెడమీద, చెవుల వెనక సన్నగా ఎర్రటి పొక్కులు లేచాయి. టీకా పట్టే పిల్లల్లో కొందరికి అలా వస్తుంది, రెండు రోజుల్లో తగ్గిపోతుంది. నాయుడు ఆ మాట అత్తగారికి మూడుసార్లు చెప్పాడు. ఆవిడ వినలేదు. తొమ్మిదో రోజన్నది ఆవిడకి వేరే లెక్క. పాపని ఒళ్లోంచి దించకుండా, గంటకోసారి చెంచాతో నీళ్లు పడుతూ ఆ పగలంతా కూర్చుంది. ఒకసారి తలెత్తి, "ఈపాలి నీల్లు పడతన్నాను," అంది. ఎవరితో అందో నాయుడికి అర్థమైంది. లేచి ఇంకో గ్లాసు నీళ్లు కాచి చల్లార్చి తెచ్చాడు. మర్నాటికి జ్వరం దిగింది.

టీకా వేసిన ఇరవై ఎనిమిదో రోజున రూతు మళ్లీ కొలిచింది. ఇప్పుడు పళ్లెంలో మొదటి వరసలో హైమావతి లేదు. తూనికరాయి అయిపోయింది గనక వేరే ఊరి ల్యాబునుంచి ఎవరిదో కొత్తది తెప్పించారు. నాయుడు బెంచీ మీదే ఉన్నాడు. కాగితం తెచ్చి అతని చేతికిచ్చి రూతు పక్కన కూర్చుంది. రెండు గళ్లు ఉన్నాయి అందులో. తల్లిది, బిడ్డది. నాయుడు మొదటి గడి దగ్గరే చాలాసేపు ఉన్నాడు. తర్వాత రెండోది చూశాడు.

జేబులో ఫోను మోగింది. అత్తగారు.

"సూసినారా బావూ?"

"చూశారత్తా."

"మా హైమది ఏటైనా ఉన్నాదా?"

"లేదు."

అవతల కుక్కరు కూత మాత్రం వినిపించింది.

"గుంటది?"

"ఉంది," అన్నాడు నాయుడు. "మూడు వందల పది."

"సొంతవేనా?"

"సొంతమే అత్తా."

"అయితే ఇంటికి రా. బువ్వ సల్లారిపోతంది."

అతను సరేనని ఫోను పెట్టబోయాడు. అప్పుడు కడుపులో ఏదో మెలితిప్పినట్టయింది. ఏమిటో వెంటనే పోల్చుకోలేకపోయాడు. ఆకలి. ఆరు నెలలుగా అది తన ఒంట్లో లేదని ఆ క్షణానే తెలిసింది. హైమ లేదన్న సంగతి కూడా దాని వెనకే వచ్చింది, ముక్కలుగా కాదు, సగం సగం కాదు, మొత్తంగా. ఆ బెంచీ మీదే, తల్లులందరి మధ్యా, కాగితం మోకాళ్ల మీద పెట్టుకుని తవిటినాయుడు ఏడిచాడు. పక్కన, కొలత కోసం వచ్చి కూర్చున్న నూకరత్నం తన కొడుకుని ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుని, అతను కూర్చోడానికి ఇంకాస్త చోటిచ్చింది.